పెళ్ళి కంబళి కప్పుకున్నాను

సినిమాల్లో పెళ్ళి ఆగాలంటే పోలీసులైనా రావాలి, పాత ప్రేమికుడైనా రావాలి. మా రత్నక్క పెళ్ళి ఆగడానికి నాకు చలేస్తే సరిపోయింది. ముందే చెబుతున్నా, ఈ కథలో నా పక్షాన మాట్లాడేవాళ్ళు ఒక్కరూ లేరు. నేను కూడా మాట్లాడను.

అనంతపురం జిల్లా గార్లదిన్నె దగ్గరి పల్లె మా నాయనది. నేను పుట్టిందీ పెరిగిందీ హైదరాబాదులో. డిసెంబరులో పెద్దనాయన కూతురు రత్నక్క పెళ్ళికి అందరం బయల్దేరుతుంటే అమ్మ నా బ్యాగులో స్వెట్టర్ కుక్కింది. నేను తీసి మంచం మీద పడేశాను. మళ్ళీ కుక్కింది. మళ్ళీ పడేశాను.

"ఆడ చలి పెడ్తాదిరా. చెప్తే ఇను."

"వానే పడని ఊళ్ళో చలేంటమ్మా?" అని ఫోన్ ఆమె ముక్కు కిందికి తోశాను. "చూడు, ముప్పై ఒక్క డిగ్రీలు."

"అది మద్దేన్నానిది. ముహూర్తం తెల్లారుజామున పెట్టుకున్నారు."

"నీకు ఫోన్ కంటే ఎక్కువ తెలుసా?"

అమ్మ స్వెట్టర్ మడిచి బీరువాలో పెట్టేసింది. ఆ మడతలో శాపం ఉందని నాకు తర్వాత తెలిసింది.

పెళ్ళిరోజు చీకటితోనే లేపారు. సిల్కు చొక్కా, పంచె కట్టుకుని వాకిట్లోకి వచ్చాను. అక్కడి మెట్ట పొలాల్లో గాలిని ఆపడానికి ఒక్క చెట్టూ డ్యూటీలో లేదు. ఎక్కడో బయల్దేరిన గాలి మధ్యలో ఎక్కడా దిగకుండా నేరుగా నా చొక్కాలోకి వచ్చి దిగింది. పంచె అంటే కింద తెరిచిపెట్టిన కిటికీ అని కూడా ఆ రోజే తెలిసింది. నా పళ్ళు టైపింగు పరీక్ష రాయడం మొదలుపెట్టాయి.

"ఏమప్పా సిటీ, వణుకుతాండావే?" అన్నాడు పెద్దనాయన, తలకు టవలు చుట్టుకుంటూ.

"వణకట్లేదు. ఫోన్ వైబ్రేషన్‌లో ఉంది."

"ఫోను చేతిలో ఉండాది. గడ్డం యాల ఆడతాంది?"

మంట చుట్టూ ముసలాళ్ళు కూర్చున్నారు. కాస్త జరగమని అడగడానికి నాకు పౌరుషం అడ్డొచ్చింది. అప్పుడు కనిపించింది, నడింట్లో, నీటుగా మడిచిన నల్ల కంబళి. దాని మీద ఎవరో బియ్యం ఒలకబోసినట్టున్నారు, పసుపు కూడా పడింది. ఈ ఊళ్ళో ఎవరికీ శుభ్రత లేదని విసుక్కుంటూ దాన్ని విప్పి, బాగా విదిలించి దులిపి, కప్పుకున్నాను. గొర్రె వాసన గుప్పుమంది. లోకంలో గొర్రె ఎందుకుందో ఆ క్షణాన అర్థమైంది.

వాకిట్లో సామాన్ల ఆటో ఉంది, వెనక టార్పాలిన్ కట్టి ఉంది. లోపలికెక్కి ముడుచుకున్నాను. సెల్ఫీ తీసి, 'చలికి నా జవాబు' అని స్టేటస్ పెట్టి, ఫోన్ సైలెంట్ చేసి నిద్రపోయాను.

ఆటో పూలమాలల కోసం గార్లదిన్నెకు బయల్దేరింది. నేనూ బయల్దేరాను. కంబళీ బయల్దేరింది.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. మాది గొర్రెలు మేపిన వంశం. పెళ్ళిలో ఇంటి కంబళి మడిచి పరిచి, దాని మీద బియ్యం పోసి, పసుపు పెట్టి పూజ చేస్తారు. దాన్ని గద్దిగె అంటారు. పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ కూర్చునేది దాని మీదే. ఈ కంబళికి ఉన్ని వడికింది మా అవ్వ. మా నాయన తాళి కట్టింది కూడా దాని మీద కూర్చునే. నేను చూసిన పెళ్ళిళ్ళన్నీ ఫంక్షన్ హాళ్ళలో. అక్కడ ఎర్ర సోఫా ఉంటుంది, ఎంత చలేసినా కప్పుకోలేం.

తర్వాత ఇంట్లో జరిగింది అమ్మ చెప్పింది. గద్దిగె మాయమైందని గోల మొదలైందట. "ఇంటి కంబళి ల్యాకుండా తాళి కట్టేది ల్యా," అని అవ్వ గుమ్మంలో కూర్చుందట. "ఇదేం శకునం? లెయ్యండప్పా, పోదాం," అన్నాడట పెళ్ళికొడుకు మేనమామ. రత్నక్క ఏడుస్తూ ఫోన్ తీసింది, ఏడుస్తూనే స్టేటస్‌లు చూసింది. ఎంతైనా మా రక్తమే.

"అవ్వా, కంబళి దొరికింది," అందట. "దాంట్లో కిరణ్‌గాడు ఉండాడు."

నాకు మెలకువ వచ్చేసరికి ఆటో పూలకొట్టు ముందు ఆగి ఉంది. డ్రైవర్ మస్తానన్న టార్పాలిన్ ఎత్తి, ఫోన్‌లో మాట్లాడుతున్నాడు.

"ఆఁ, ఉండాది పెద్దాయనా. కంబళికేం కాలేదు. మనిషా? మనిషి గూడా ఉండాడు."

నాకు కోపం నషాళానికెక్కింది. "నన్నడక్కుండా బండి ఎలా తీస్తావన్నా?"

"నా బండి తీసేకి నిన్నడగల్లనా అప్పా? ముందు ఆ కంబళి ఇడువు."

"చలేస్తోందన్నా."

"మీ పెద్దనాయన చెప్పినాడు. కంబళి ముందర సీట్లో పెట్టల్లంట. నిన్ను యెనకాల పూలల్లో ఏసుకొని రావల్లంట."

నీళ్ళు చల్లిన పూలమాలలు డిసెంబరు తెల్లవారుజామున ఎంత చల్లగా ఉంటాయో మీకు తెలియదు. తెలుసుకోకండి.

ముహూర్తం దాటకముందే చేరాం. అవ్వ కంబళి లాక్కుని వాసన చూసింది. "థూ, సెంటు కొడ్తాంది," అని, మళ్ళీ మడిచి పరిచి బియ్యం పోసింది. మేనమామ మూతి ముడుచుకునే కూర్చున్నాడు, కానీ కూర్చున్నాడు. తాళి కట్టారు. రత్నక్క తలంబ్రాలు పోస్తూ కూడా నా వైపే గురిచూసింది.

అమ్మ శాలువా కప్పుకుని నా పక్కకొచ్చింది. "ఎంతుండాదిరా ఇప్పుడు, డిగ్రీలు?"

చెబుదామంటే దవడ ఆగితే కదా. అవ్వకే జాలేసి, తన గులాబీ రంగు పూల స్వెట్టరు తెచ్చి నాకు తొడిగింది. చేతులు మోచేతుల దగ్గరే ఆగిపోయాయి. అప్పుడే ఫొటోగ్రాఫర్ అందర్నీ పిలిచాడు. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు ఆల్బమ్ తెరిచినప్పుడల్లా అడుగుతారట, ఈ మీసాలున్న ఆమె ఎవరని.

కాబట్టి అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. స్వెట్టర్ లేకుండా అనంతపురం పొలిమేర తొక్కను. బియ్యం పోసి ఉన్న బట్టను, గడ్డకట్టి చచ్చినా సరే, దులపను.

మాట మీద నిలబడ్డాను కూడా. మొన్న మే నెలలో రత్నక్క బిడ్డకు పేరు పెడుతుంటే వెళ్ళాను. రోడ్డు మీద తారు కరుగుతోంది. స్వెట్టర్ వేసుకునే బస్సు దిగాను. అరుగు మీద కూర్చున్న అవ్వ నన్ను ఎగాదిగా చూసి, ఇంట్లోకి కేకేసింది.

"రత్నా, కంబళి బీరువాలో పెట్టి బీగం ఎయ్యి. వాడొచ్చినాడు."