పిట్టలు గుర్తుపట్టిన మనిషి

రాజుగారి కోట వెనక పండ్లతోపులో నలభై ఏళ్ళపాటు ఒక్క జామపండు మీదైనా ముక్కుగాటు పడలేదంటే, ఆ ఘనత ఒడిసెల తాతది. ఆయన ముందు ఈ మాట కాదన్నవాడు పొద్దుగూకేదాకా కూర్చుని వినాల్సిందే.

ఆ తోపు నాటించింది రాజుగారి ముత్తవ్వ. జామ, నారింజ, దానిమ్మ, నేరేడు, వరసకో రకం. రాజుల బల్లకు తప్ప పండు ఇంకో నోటికి పోకూడదని ఆమె మొక్కలతోపాటే పిట్టలకాపరినీ పెట్టింది. అతను ఒడిసెల తాతకు తాత. అప్పటినుంచి ఆ కొలువూ, తోపు మూలనున్న ఒంటిగదీ ఆ ఇంటివాళ్ళవే. మన తాత చదివింది పల్లెబడిలో నాలుగో తరగతే. అయితేనేం, ఒడిసెల తిప్పి రాయి వదిలాడంటే పిట్ట కూర్చున్న రెమ్మకు తగిలేది, పిట్టకు తగిలేది కాదు. ఆకు రాలేది, పండు రాలేది కాదు. మిడతలదండు వచ్చిన ఏడాది డబ్బా మోగించి తోపును కాచింది ఆయనే. రాజుగారు తన పళ్ళెంలోని పండు తీసి స్వయంగా చేతిలో పెట్టిందీ ఆయనకే.

ఓడలు బండ్లయ్యాయి. రాజులు పోయారు, కోట చూడ్డానికి టికెట్టు పెట్టారు. కొత్తగా వచ్చిన మేనేజరు ఓ రోజు తోపంతా తిరిగాడు.

“ఇన్ని చెట్లున్నాయి, ఒక్క పిట్టా లేదేంటి తాతా?”

తాత మీసం దువ్వాడు. “ఉండనిస్తేనా బాబూ!”

“పళ్ళెవరిక్కావాలి? జనం పిట్టల కోసం వస్తారు. తరిమింది నువ్వే, పిలిచేదీ నువ్వే. వానలు పడేలోగా రాకపోతే ఆ గది వేరే పనికి తీసుకుంటాం. తర్వాత చెప్పలేదనకు.”

తాతకూ ఆయన భార్యకూ ఆ గది తప్ప తలదాచుకునే చోటు లేదు. మర్నాడే ఒడిసెల చూరులో దోపి, చెట్లకింద గింజలు చల్లాడు. గోడమీద గోరింకలు వాలాయి, ఆయన్ని చూశాయి, కీచుమంటూ లేచిపోయాయి. రోజూ అదే తంతు. గింజలన్నీ చీమలపాలు.

“అన్నాళ్ళు తరిమి, రమ్మనగానే రావడానికి అవేమన్నా కొత్తల్లుళ్ళా?” అంది భార్య.

“వాటికి నా మొహం గుర్తేనే. తల్లి పిట్ట పిల్లకు చూపించి మరీ చెబుతోంది.” ఆ మాటలో గొప్ప ఉంది, గొంతులో లేదు.

దుప్పటి ముసుగేసుకుని వెళ్ళాడు. నడక చూసే పోల్చుకున్నాయి. భార్య కడుపుబ్బ నవ్వింది. ఆ నవ్వులోనే ఆకాశం వంక చూసి చప్పబడింది. మబ్బులు పట్టే రోజులవి.

“ఇవాళ నువ్వు గడప దాటకు,” అని చేట లాక్కుని తనే వెళ్ళింది.

తాత తలుపుసందులోంచి చూశాడు. ముందు ఒక గోరింక దిగింది. దాని వెనక ఇంకొన్ని. ఆమె అడుగు తీసి అడుగేస్తుంటే పెంపుడు కోళ్ళలా వెంటబడ్డాయి. సంబరం పట్టలేక తాత తలుపు తోశాడు. తోపంతా ఒక్కసారిగా ఖాళీ అయింది. భార్య వెనక్కి తిరిగి చూసిందే గాని తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

తొలివాన నాటికి కొమ్మకొమ్మకూ కిలకిల. గది మీదేనన్నాడు మేనేజరు. “పగటిపూట తాతను మాత్రం బయటికి రానివ్వకమ్మా. పెద్దాయన, నొప్పించాలని కాదు.”

తోపులోకి మొదటిసారి జనం వచ్చిన రోజు భార్య ఖాళీ చేటతో లోపలికి రాగానే తాత అడిగాడు.

“ఏమొచ్చాయి?”

“చిలకలు. దానిమ్మ మీద.”

“అయ్యో, ఇంకా పిందెలే కదే! అన్నీ కొరికి పారేస్తాయి. ఒక్క కేకెయ్యకపోయావా?”

“కొరకనీ. కేకేసి ఎక్కడికి పోతాం మనం?”

తాత లేచి తలుపు దాకా వెళ్ళాడు. బయట జనం కేరింతలు, పైన చిలకల గోల. గడియ మీద చెయ్యి పడింది.

“వచ్చి కూర్చో,” అంది భార్య మెల్లగా.

ఆయన కూర్చోలేదు. తలుపూ తియ్యలేదు.