తుప్పుతో వేసిన పడవ

నెల్లూరులో చిత్ర ప్రదర్శనకు నా బొమ్మలు పట్టుకెళ్లిన రోజే, తలుపు వెనక మడిచి పడేసిన ఒక తెరచాప గుడ్డ కంటపడింది. విప్పి చూస్తే దాని మీద పడవ. రంగుతో వేసింది కాదు, తుప్పుతో.

“మరకల్ని గోడకు పెట్టలేం మేడం. పైన నాలుగు కొంగల్ని, సూర్యుణ్ణి గీసిస్తే ఆలోచిస్తాం,” అన్నాడు నిర్వాహకుడు. ఆ గుడ్డ పంపింది బోగోలు తీరంలో ఉండే షంషాద్ అనే ఆవిడట. మర్నాడు పొద్దున్నే దాన్ని చంకన పెట్టుకుని కావలి బస్సెక్కాను.

బోగోలులో దిగి, ఇడ్లీ తిని, ఆటో మాట్లాడుకున్నాను. “పాత మేకులు ఏరుకుంటా ఉంటాదే, ఆ షంషాదక్క ఇంటికేనా?” అన్నాడు ఆటో అతను.

ఆవిడ ఇంటికే. అరవై దాటిన మనిషి. వాకిట్లో ఉప్పునీళ్లతో తడిపిన గుడ్డ పరిచి, పగిలిన పడవల మేకులు పేరుస్తోంది. పైన తడి గోనెపట్టా కప్పి ఉంచితే తుప్పు గుడ్డలోకి దిగుతుందట. నలుపు కావలసిన చోట టీ డికాషన్ పోస్తుందట.

నిర్వాహకుడి మాట చెప్పాను. ఆవిడ చెయ్యి ఆపలేదు.

“ఈ పడవ తుపానులో పగిలిందమ్మా. దాని మేకులే దాని బొమ్మ వేసినాయి. మధ్యలో కొంగలెందుకు?”

లేచి, నేను తెచ్చిన గుడ్డ తీసుకుని నేరుగా ఒడ్డుకు నడిచింది. అక్కడున్న పడవకు దాన్ని కట్టింది. వలలు బాగుచేసుకుంటున్న వాళ్లంతా మూగారు. శీనయ్య అనే ఆయన దగ్గరకొచ్చి వేలితో తడిమాడు.

“ఇది మా నాయన పడవ గదక్కా! ఉతికితే పోద్దా?”

“పోదు. సముద్రంలో ముంచి చూడు.”

నిజంగానే ముంచాడు. నీళ్లోడుతూ పైకొచ్చిన గుడ్డలో పడవ ఇంకా ముదురుగా కనిపించింది. శీనయ్య దాన్ని తెచ్చి మళ్లీ పడవ మీదే ఆరేశాడు.

ఎండాక ఆవిడ దాన్ని మడిచి నా చేతికిచ్చింది. “మళ్లా తీసకపోండి. ఈ తూరి తలుపెనక కాదు.”

సాయంత్రం బస్సులో పక్కసీటు పెద్దావిడ చీర కుచ్చెళ్లు పక్కకు లాక్కుంది. “తుప్పు అంటుద్దేమో తల్లీ!” అంది. గుడ్డ విప్పాను. “ఓయమ్మ, పడవ!” అంటూ రెండో కొస తనే పట్టుకుంది.

అక్కడినుంచే నిర్వాహకుడికి ఫోన్ చేసి, నా బొమ్మ దించి ఆ చోటు ఖాళీ చేయమన్నాను. గొణిగాడు.

“గోడ ఇవ్వకపోతే గేటుకు కడతాను,” అన్నాను.

కట్టినా మంచిదే. లోపలికి రాని జనమే నెల్లూరులో ఎక్కువ.