ఎడమ కాలికి వచ్చిన బేరాలు

నేను పీఈటీని. బడిలో అందరికన్నా పెద్ద గొంతు, అందరికన్నా చిన్న గది నావే. భద్రాచలం దాటాక అడవి అంచున ఉన్న ఆడపిల్లల గురుకులంలో ఫుట్‌బాల్ నేర్పుతాను. నా గది అంటే స్టోర్‌రూమే. గాలి తగ్గిన బంతులు, చిరిగిన నెట్లు, చీపుర్లు, వాటి మధ్య ఒక కుర్చీ. ఇన్నేళ్ళూ ఆ గదిని వెతుక్కుంటూ వచ్చింది కడుపునొప్పి అని ఆట ఎగ్గొట్టే పిల్లలు, చీపురు కోసం వచ్చే ఆయా. అంతే.

ఈ ఏడాది కాలేజీల వాళ్ళు కార్లలో వచ్చారు. ఒక పిల్ల ఎడమ కాలి కోసం.

ఆ పిల్ల ఇంటర్ రెండో సంవత్సరం. కోయవాళ్ళ అమ్మాయి. బస్సు దిగి, ఆటో దిగి, ఇంకా అడవిలోకి నడిస్తే వాళ్ళ ఊరు వస్తుంది. తండ్రి పెద్దగా మాట్లాడడు, ఇంట్లో మాట తల్లిదే. ఇద్దరూ పోడు చేను చేసుకుంటారు, మిర్చి కాలంలో ఏరడానికి పోతారు. ఆరో తరగతిలో మా దగ్గర చేరిన కొత్తలో బంతి కాళ్ళ దగ్గరికొస్తే, తన్నడం తప్పన్నట్టు చేత్తో తీసి పక్కన పెట్టేది. తన్నడం అలవాటయ్యాక మాత్రం ఆపడం మా వల్ల కాలేదు. మొన్న చలికాలం పోటీల్లో కార్నర్ నుంచి కొట్టిన బంతి ఎవరికీ తగలకుండా వంపు తిరిగి నేరుగా గోల్లో పడింది. తోటి పిల్ల ఎవరో ఫోన్‌లో తీసి రీల్ పెట్టింది. అది ఎక్కడెక్కడికో పోయింది. వెనకాల "కొట్టవే!" అని అరుస్తున్న నా గొంతు కూడా దానితోపాటే పోయింది. సత్తుపల్లి నుంచి మా చిన్నమ్మ ఫోన్ చేసి, "పిల్ల ఎవరో తెల్వదు గని, ఆ గొంతు మాత్రం నీదే" అని ఏడిపించింది.

మామిడి రసం సీసాల్లో పోసి అమ్మే ఒక కంపెనీ మొదట ఫోన్ చేసింది. ప్రకటనలో ఈ పిల్ల కావాలట. ఆ మాట ఎలా పొక్కిందో గానీ, వెంటనే కాలేజీల ఫోన్లు మొదలయ్యాయి. నాకు అర్థం కావడానికి కొంచెం టైమ్ పట్టింది. పిల్ల ప్రకటనలో కనిపిస్తే, ఆమె ఏ కాలేజీ జెర్సీ వేసుకుంటే ఆ కాలేజీ పేరూ కనిపిస్తుంది. అడ్మిషన్ల కాలంలో అంతకంటే మంచి హోర్డింగ్ ఏముంటుంది! అందుకే కాలేజీలు ఫీజు మాఫీ అని ఊరుకోవడం లేదు. "మా దగ్గర చేరితే ఫలానా కంపెనీతో ఒప్పందం ఇప్పిస్తాం" అంటున్నారు. ఒకరు షూ అన్నారు, ఒకరు బ్యాగులన్నారు. సంతలో మేకపిల్లను చూసినట్టు పిల్ల కాళ్ళ వంక చూసి పోయేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది.

అలాగని డబ్బంటే చేదని చెప్పే రకాన్ని కాదు నేను. మా నాన్న ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో డంపర్ నడిపేవాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చి, బట్టలు కూడా మార్చుకోకుండా కాలనీ గ్రౌండ్‌లో మగపిల్లలతో బంతాడి పెరిగాను. ఇంటర్ అయ్యాక నాన్న నా సర్టిఫికెట్లన్నీ పట్టుకుని ఒక కాలేజీకి తీసుకెళితే, కౌంటర్ దగ్గరి మనిషి "ఆడపిల్లలకు ఫుట్‌బాలా?" అని నవ్వాడు. నాన్న సర్టిఫికెట్లు మడిచి చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు. ఇప్పుడు అదే ఆట కోసం కార్లు వస్తుంటే గర్వంగా ఉండదా? ఉంది. పైగా ఆ డబ్బు ఆ పిల్లకు నిజంగా కావాలి. కాలేజీ హాస్టల్లో చోటు దొరికినా, పై ఖర్చులకు ఇంట్లో ఏమీ ఉండదు. ఆమెకు ముందు మా టీమ్‌లో ఆడిన ఎంత మంచి పిల్లలు ఇంటర్‌తో ఆగిపోయారో నాకు తెలుసు. మిర్చి కల్లాల్లో కనబడితే తల దించుకుంటారు, నేను కూడా దించుకుంటాను. ఈ పిల్లకు అలా కాకూడదని నా పట్టుదల.

వచ్చినవాళ్ళలో ఇద్దరు మిగిలారు. ఒకరు ఖమ్మంలో ఒక డిగ్రీ కాలేజీ కోచ్. ఆవిడ బస్సులో వచ్చింది. చెట్టు నీడన కూర్చుని ప్రాక్టీస్ అయ్యేదాకా చూసింది. "హాస్టల్ ఇస్త, టీంల ఆడిపిస్త. అంతకు మించి నా చేతుల ఏం లేదు" అని చెప్పి మళ్ళీ బస్సెక్కింది. రెండో ఆయన హైదరాబాద్ శివారులోని ఒక ప్రైవేటు కాలేజీ స్పోర్ట్స్ మేనేజర్. కొత్త షూ డబ్బాతో దిగాడు.

"మామిడి రసం కంపెనీ మా మాట మీదే నడుస్తుంది మేడమ్. మా కాలేజీలో చేరితే కాంట్రాక్ట్ మీ అమ్మాయిదే. వేరే చోట చేరితే మాత్రం వాళ్ళు ఇవ్వరు" అన్నాడు.

పిల్ల షూ వంక చూసింది, నా వంక చూసింది. "ఆట ఆడనిస్తరా మేడం?" అని మెల్లగా అడిగింది. "ఎందుకాడనియ్యరే, దానికోసమేగా" అన్నాను. ఆయనకే సరే అన్నాం.

పరీక్షలు అయిపోయాక సత్తుపల్లి దగ్గర ఒక మామిడి తోటలో షూటింగ్ పెట్టారు. మేనేజర్ ఉన్నాడు, కెమెరా వాళ్ళున్నారు, కంపెనీ తరఫున గొడుగు పట్టుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. పొద్దున అంతా బాగానే నడిచింది. పిల్ల బంతిని గాల్లో ఆడించింది, సీసా ఎత్తి గటగటా తాగింది, చెప్పినప్పుడల్లా నవ్వింది. మధ్యాహ్నం అసలు సీను. బంతి కొడితే అది కొమ్మకు తగిలి కాయ రాలాలి, ఈమె ఆ కాయ పట్టుకుని కొరకాలి. బంతి తగిలింది, కాయ రాలింది, పట్టుకుంది. కొరకలేదు.

మళ్ళీ తీశారు. మళ్ళీ అంతే. కాయ చేతిలో పెట్టుకుని నేల చూపులు చూస్తోంది. సిగ్గేమో అనుకుని దగ్గరికి పోయి గదమాయించాను.

"ఏందే గట్ల నిలబడ్డవ్? కొరుకు, ఏమైతది?"

"మా ఊర్ల ఇంకా కొత్త కాలే మేడం" అంది.

నాకు వెంటనే తట్టింది. మామిడి కొత్తల పండుగ. కొత్త కాయను ముందు ఊరి దేవతకు, చనిపోయిన పెద్దలకు పెట్టాలి. ఆ తర్వాతే ఊళ్ళో ఎవరైనా నోట పెట్టాలి. అప్పటిదాకా రాలిన కాయ కూడా తినరు. ఈసారి ఊళ్ళో ఒక పెద్దాయన పోవడంతో, ఆయన కార్యం అయ్యేదాకా పండుగ వెనక్కి జరిగిందట.

"మరి పొద్దున సీసా తాగితివి కదనే? అది మామిడిపండు కాదా?"

"అది నిరుటి పండు మేడం. నిరుడు కొత్త అయ్యింది కద. మా అమ్మను అడిగే వచ్చిన."

అంత చిరాకులోనూ నాకు నవ్వొచ్చింది. తల్లీకూతుళ్ళు కూర్చుని సీసాలో ఉన్నది ఏ ఏటి పండో తేల్చుకుని మరీ వచ్చారన్న మాట. ప్రకటన అంటే సీసా తాగడమే అనుకున్నారు. చెట్టు మీది కాయ కొరకమంటారని వాళ్ళకెలా తెలుస్తుంది?

మేనేజర్ వచ్చాడు. సంగతి చెప్పాను. "కొరికి ఉమ్మేయమనండి మేడమ్. ఇక్కడ ఎవరు చూస్తారు?" అన్నాడు. పిల్ల తల అడ్డంగా ఊపింది. ఆయన నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఈ రోజుల్లో కూడా ఇవేం నమ్మకాలు మేడమ్? మీరు క్రిస్టియన్లు కదా, మీకివేం ఉండవు. మీరైనా చెప్పండి."

అక్కడ నాకు తిక్క రేగింది.

"గుడ్ ఫ్రైడే నాడు మా అమ్మ ఇంట్ల నీసు ముట్టనియ్యదు సార్. ఏకాదశి నాడు మీ అమ్మ బువ్వ తింటదా? 'తిని ఉమ్మెయ్యే' అని మీ అమ్మకు చెప్పి వస్తరా? చెప్పి వస్తే, ఈ పిల్లతోని ఇప్పుడే కొరికిపిస్త."

నీళ్ళు నమిలాడు. తర్వాత ముఖం మాడ్చుకుని, "అయితే కాంట్రాక్టూ లేదు, సీటూ లేదు. మీరే పోగొట్టారు" అని కారెక్కాడు.

తిరుగు బస్సులో నా కోపమంతా దిగిపోయి భయం పట్టుకుంది. నోరు నాది, నష్టం ఆ పిల్లది. కిటికీ పక్కన కూర్చుని ఆమె షూ విప్పి, మట్టి తుడిచి, డబ్బాలో సర్దుతోంది. "ఇవి వాపస్ ఇచ్చెయ్యాల్నా మేడం?" అని అడిగింది. నేను ఆ డబ్బా అందుకుని నా ఒళ్ళో పెట్టుకున్నాను.

రెండు రోజులకు తల్లి బడికి వచ్చింది. తిట్టడానికే వచ్చిందనుకున్నాను. స్టోర్‌రూమ్ గడప మీద కూర్చుని, నేనిచ్చిన మంచినీళ్ళు తాగి, నెమ్మదిగా మొదలుపెట్టింది.

"పండుగ అయినంక రమ్మను మేడం. మా ఊర్లనే తీసుకొమ్మను. ఎన్ని కాయలంటే అన్ని కొరుకుతది."

"వాళ్ళు ఆగరమ్మా. ఎండలు పోకముందే ప్రకటన రావాలె వాళ్ళకు."

"అడిగినవా?"

"లేదు."

"అడగంది ఎట్ల తెల్సు?"

కంపెనీ మొదటిసారి చేసిన నంబర్ ఫోన్‌లోనే ఉంది. ఆ తల్లి ముందే ఆ నంబర్‌కి చేశాను. ఎత్తింది ఆ గొడుగు అమ్మాయే.

"అదేంటి మేడమ్, మీరు చేశారు?" అంది ఆశ్చర్యంగా. "అమ్మాయి ఆ కాలేజీలో చేరిపోయింది కదా! ఏం మాట్లాడినా వాళ్ళ ద్వారానే మాట్లాడమన్నారు."

"ఎవరన్నరు? ఇంకా రిజల్ట్సే రాలే!"

ఇద్దరం ఒకేసారి మాట్లాడాం, ఒకేసారి ఆగిపోయాం. ఆ మేనేజర్ మాకేమో కంపెనీ తన జేబులో ఉందని చెప్పాడు, కంపెనీకేమో పిల్ల తన జేబులో ఉందని చెప్పాడు. చూస్తే రెండు జేబులూ ఖాళీయే. ఆ అమ్మాయి మంచిది. సీసా తాగే సీను బాగా వచ్చిందని, కాయ కొరకకపోతే కొంప మునిగేదేమీ లేదని, పైవాళ్ళతో మాట్లాడతానని చెప్పింది.

మాట్లాడింది కూడా. ఒప్పందం పిల్ల పేరు మీదే వచ్చింది, ఏ కాలేజీతోనూ ముడి లేకుండా. మా ఇంగ్లీషు మేడం ఆ కాగితాల్లో ప్రతి వాక్యం తల్లికి తెలుగులో చెప్పింది. తల్లి విన్నది, పక్కనున్న కూతురితో వాళ్ళ భాషలో చాలాసేపు మాట్లాడింది, అప్పుడు సంతకం పెట్టింది. ఆ రోజు నాకు కడుపు నిండినట్టైంది. ఇన్నాళ్ళూ కాలేజీలు పిల్లను ఎంచుకోవడమే చూశాను. పిల్ల కాలేజీని ఎంచుకోవచ్చని నాకే ఎప్పుడూ తోచలేదు.

వార్త చేరినట్టుంది, మేనేజర్ మళ్ళీ ఫోన్ చేశాడు. గొంతులో తేనె. జరిగింది మర్చిపొమ్మన్నాడు, సీటు ఇప్పటికీ అలాగే ఉందన్నాడు. నాలుక చివరి దాకా వచ్చిన మాట మింగి, ఫోన్ పిల్లకిచ్చి స్పీకర్ పెట్టాను.

"సార్, మీ కాలేజీల ఆడపిల్లల ఫుట్‌బాల్ టీం ఉన్నదా?" అని అడిగింది.

"ఈ ఏడాది పెడతాం అమ్మా. నీతోనే మొదలు."

పిల్ల కాసేపు ఆలోచించింది. "ఒక్కదాన్నే ఎట్ల ఆడాలె సార్?" అంది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. నేను చీపుర్ల వైపు తిరిగి నోరు మూసుకుని నవ్వాను. షూ డబ్బా ఆ వారమే కొరియర్‌లో పంపేశాం.

ఖమ్మం కాలేజీలో చేర్చడానికి తొలకరి రోజుల్లో నేనూ వెంట వెళ్ళాను. హాస్టల్లో సామాను పెట్టాక కోచ్ నేరుగా గ్రౌండ్‌కి రమ్మంది. గ్రౌండ్ అంతా బురద. అప్పటికే పిల్లలు ఆడుతున్నారు. ఈమె దిగింది, బంతి అందుకుంది, ఇద్దరిని దాటింది, మూడో పిల్ల లాగేసుకుంది. లాగేసుకోగానే మన పిల్ల నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయింది.

"ఏయ్, ఫొటో దిగుతున్నవా?" కోచ్ కేక గ్రౌండ్ అంతా వినబడింది. "బంతి పోగొట్టుకున్నది నువ్వు, ఎవరు తేవాలె? వెనక్కి ఉరుకు!"

తోటి పిల్లలు పకపకా నవ్వారు. రీల్ వచ్చిన నాటి నుంచి ఆ పిల్లను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ప్రిన్సిపాల్ మెచ్చుకుంది, కాలేజీల వాళ్ళు మెచ్చుకున్నారు. కాంట్రాక్ట్ పిల్ల కదా అని నేను కూడా గొంతు తగ్గించాను. ఇప్పుడు ఏడుస్తుందేమో, ఇంటికి పోతానంటుందేమో అని గీత దగ్గరే నిలబడ్డాను.

ఉరికింది. బురదలో జారి పడింది, లేచి మళ్ళీ ఉరికింది, గోల్ దగ్గరికి చేరేలోపు ఆ మూడో పిల్ల కాళ్ళ మధ్య నుంచి బంతి లాగేసింది. కోచ్ శభాష్ అనలేదు. "ఆ, ఇప్పుడు ఇయ్యి, పక్కకు ఇయ్యి!" అని ఇంకో కేక వేసింది.

ఆట మధ్యలో నీళ్ళ కోసం వచ్చినప్పుడు నా దగ్గర ఆగింది. మోకాళ్ళ నిండా బురద, రొప్పుతోంది, మొహం వెలిగిపోతోంది.

"మేడం, ఈమె మీ కంటే ఎక్కువ తిడ్తది" అంది సంతోషంగా. నేనేదో అనేలోపే మళ్ళీ కేక వినబడింది. సగం తాగిన సీసా నా చేతిలో పెట్టి ఉరికింది.