కామారెడ్డిలో సూది, ఎల్లారెడ్డిలో కేక

దయ్యమనీ బాణామతి అనీ ఎవరైనా అంటే, ముందు ఆ ఇంటి గోడ ఎత్తు చూసే రకం నేను. ఎవడు దూకి వచ్చాడో తెలియాలి కదా! నాకు అనుమానమే తప్ప నమ్మకం ఎన్నడూ లేదు.

జర్మనీ లడాయి మొదలైన రోజులు. కామారెడ్డిలో ఒక డాక్టర్ సాబ్ దగ్గర కంపౌండరుగా ఉన్నాను. ఆయనకు కుందేళ్ల పిచ్చి. నేను పట్టుకుంటే, వాటి తొడలో టర్పెంటైన్ సూది వేసి వాపు తెప్పించేవాడు. వాపుకూ బెదురుకూ ఒంట్లో ఊరే హార్మోన్లు తలకిందులవుతాయని ఆయన వాదం. నిజమే, సూది పడ్డ ఆడకుందేళ్లకు చూలు నిలిచేది కాదు. కోసి చూస్తే మూత్రపిండం మీది గ్రంథి ఉబ్బి ఉండేది.

పోల్చి చూడటానికి సూది పడని కుందేళ్లు కావాలి. అవి బెదురు లేని చోట పెరగాలని, వీటి తోడబుట్టినవాటిని ఎల్లారెడ్డిలో మా అక్క ఇంట్లో పెట్టించాను. మొగుడు పోయాక అక్క బీడీలు చుట్టి బతికేది.

కొన్నాళ్లకు వాటిలో రెండింటిని తెచ్చి కోస్తే, వాటి గ్రంథులూ అలాగే ఉబ్బి ఉన్నాయి. మీ అక్క వీటిని సతాయిస్తోందా అని డాక్టర్ సాబ్ అడిగాడు. నాకూ అదే అనుమానం.

అంతలో ఎల్లారెడ్డిలో ఇంకో మాట పుట్టింది. ఎవరూ ముట్టకుండానే పొద్దుటి పూట కుందేళ్లు కేకలు పెడుతున్నాయట, అక్క బాణామతి చేస్తోందట. మా వైపు అలాంటి ముద్ర పడితే, మంత్రం నోట పలకకూడదని పండ్లు ఊడగొడతారు. వాడకట్టు పెద్ద నాకు మొహం మీదే చెప్పాడు.

"నువ్వే వచ్చి సూడు. గీసారి అరిచినయంటే మేం ఊకోం."

పోయాను. డాక్టర్ సాబ్ ఎప్పుడూ పొద్దున్నే సూది వేస్తాడు. ఆ పొద్దున ఇక్కడి కుందేళ్లు హాయిగా గడ్డి మేశాయి. నేనున్నానని అక్క ఊరుకుందేమో అనుకున్నాను. తలుపు గడియ పెట్టి ఆమె ఎదురుగా కూర్చున్నాను. వాడకట్టు పెద్ద వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"తమ్మీ, నువ్వు గూడ నా చేతులే సూస్తున్నవా?" అంది అక్క, ఆకు కత్తిరిస్తూ.

తల కొట్టేసినట్టయింది. అయినా చూపు తిప్పలేదు.

పొద్దు వాలే వేళకు కుందేళ్లన్నీ ఒక్కసారే కీచుమని అరిచాయి. అన్నీ కుడికాలు ఈడ్చుకుంటూ మూలకు చేరాయి. అక్క చేతిలో ఆకూ కత్తెరా అలాగే ఉన్నాయి.

"గీమె చెయ్యి గాదు" అని పెద్ద గబగబా వెళ్లిపోయాడు. అక్క కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

కామారెడ్డికి వచ్చి విచారించాను. ఆ రోజు టర్పెంటైన్ తెచ్చే రైలు ఆలస్యమై, పొద్దు వాలే వేళకే సూది వేశారట. ఎడమ తొడ ఇంకా వాచి ఉందని ఈసారి కుడి తొడకు వేశారట. ఆ సంగతి ఎల్లారెడ్డిలో నాకే తెలియదు, అక్కకెలా తెలుస్తుంది?

తర్వాత ఒకనాడు వాడకట్టు పెద్ద అంగట్లో కనబడి నా చెయ్యి పట్టుకున్నాడు. "మరి చేసిందెవలు, కంపౌండరూ?"

అంత దూరాన వేసిన సూది ఎల్లారెడ్డిలో ఎలా నొచ్చిందో ఈనాటికీ నాకు అంతుపట్టదు. ఎవరు చేశారంటే మాత్రం తెలుసు. చెప్పలేదు. పండ్లు నాకూ ఉన్నాయి.