తిఫ్రా నుంచి రావలసిన రౌల్

ఒక మనిషి పాతిక కిలోల బరువు మోసుకెళ్ళి మరీ తన పరువు తీసుకోగలడా? నేను తీసుకున్నాను. పనిలో పనిగా బిలాస్‌పూర్ తెలుగువాళ్ళందరి పరువూ కొంత తీశాను.

అప్పటికి రైల్వేలో కొత్తగా చేరాను. డ్యూటీ ముగిసిన డ్రైవర్ల దగ్గరికి వాళ్ళ బదులు బండెక్కే రిలీవర్లని వేళకి పంపించడం నా ఉద్యోగం. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత నన్ను తిట్టుకోవడానికి పనికొస్తుంది.

మా పక్క క్వార్టరు సర్దార్జీ డ్రైవరుగా రిటైరై మోప్కాలో ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశానికి అఖండ్ పాఠ్ పెట్టించారు. అంటే గురుగ్రంథ్ సాహిబ్‌ని మొదటి నుంచి చివరిదాకా, రెండు రోజులపాటు ఆపకుండా చదవాలి. ఒకరు లేచేలోపే ఇంకొకరు అందుకోవాలి. మధ్యలో పాఠం తెగకూడదు. రెండో రోజు పొద్దున్న ఆయన నాకు ఫోన్ చేశారు.

"పుత్తర్, దస్ బజే జ్ఞానీజీ కీ రౌల్ హై. తిఫ్రా సే లే ఆ. జల్దీ!"

పదింటికి జ్ఞానీజీ రౌల్ ఉందట, ఊరికి ఆ కొసనున్న తిఫ్రా నుంచి తీసుకురావాలట. వెనకాల వంట గిన్నెల చప్పుడు. రౌల్ అంటే ఏమిటని అడగొచ్చు కదా? అడిగితే నా తెలివితేటలు ఏమైపోవాలి!

"అమ్మా, తిఫ్రాలో గురుద్వారా జ్ఞానీగారింట్లో రోలుందట. పదింటికల్లా తెమ్మంటున్నారు."

"రోలా? ఏటికిరా?"

"లంగరు భోజనాల్లోకి చట్నీ రుబ్బడానికై ఉంటుంది."

అమ్మ మొహం వెలిగిపోయింది. మిక్సీ కొన్నాక, శ్రీకాకుళం నుంచి తెచ్చిన మా రోలు మొహం చూసినవాళ్ళు లేరు. "తిఫ్రా దాకా ఏటికి? మన రోలు నేదేటి? అట్టుకెల్లు! పొత్రం మరిసిపోకు!"

"అచ్ఛా!" అన్నాను, ఆ ఉపాయం నాదే అయినట్టు. హడావుడిలో ఫోన్ ఛార్జింగులోనే వదిలేసి ఆటో ఎక్కాను.

మోప్కా చేరేసరికి పదింబావు. సర్దార్జీ గుమ్మంలో నిలబడి ఉన్నారు. అప్పుడే కంటి ఆపరేషనైంది, నల్లద్దాలు పెట్టుకున్నారు.

"జ్ఞానీజీ ఏరీ?"

"ఆయనెందుకు అంకుల్? రోలు తెచ్చానుగా!"

ఆయన రోలుని చూశారు, నన్ను చూశారు. రెండింటికీ పెద్ద తేడా కనబడలేదనుకుంటాను. తప్పు ఆయన కళ్ళది కాదు.

"అరే బుద్ధూ! రౌల్ అంటే పాఠం చదివే వంతు! పదింటి వంతు జ్ఞానీజీది. స్కూటర్ చెడిపోయి నీకోసం రోడ్డు మీద నిలబడ్డారు!"

లోపల ఆయన భార్య, మా ఆంటీ, ఎనిమిదింటి నుంచి చదువుతున్నారు. గొంతు అప్పటికే బొంగురుపోయింది. తర్వాత చదవాల్సిన పాఠీలు పన్నెండుకి గాని రారు, సర్దార్జీ చదవలేరు. ఆమె గొంతు ఆగిందంటే రెండు రోజుల పాఠం తెగిపోయినట్టే.

"పోనీ, ఆంటీ ఒక్క అయిదు నిమిషాలు..."

"బండైతే గతౌరా స్టేషన్లో ఆపుకుని రిలీవర్ కోసం కూర్చోవచ్చు. దీన్నెక్కడ ఆపమంటావ్?"

నాకు నిజంగానే ఏడుపొచ్చింది. రోలుని గుమ్మంలోనే వదిలేసి, సర్దార్జీ స్కూటర్ తీసుకుని తిఫ్రా పరిగెత్తించాను. జ్ఞానీజీ ఎండలో నిలబడే ఉన్నారు, నన్ను చూడగానే వెనక సీటెక్కేశారు. మేం తిరిగొచ్చేసరికి పదకొండుంబావు దాటింది. ఆంటీ చదువుతూనే ఉన్నారు. గొంతు సన్నగా, పీలగా, కానీ తెగకుండా. జ్ఞానీజీ పక్కన చేరి ఆమె గొంతులో గొంతు కలిపాకే ఆమె లేచారు.

బయటికొచ్చి రోలు ముందు ఆగారు. మాట పెగలడం లేదు. గుసగుసగా అన్నారు:

"ఇదేనా నా రిలీవర్?"

ఆ మాట నాకంటే ముందే లోకో షెడ్‌కి చేరింది. మర్నాటి నుంచి ప్రతి డ్రైవరూ ఫోన్ చేసి, "బాబూ, ఈసారి మనిషినే పంపుతావు కదూ?" అనడమే.

అందుచేత ఆ రోలు మీద చెయ్యివేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీద ఎవరేం తెమ్మన్నా, అది నడిచొచ్చేదా, మోసుకురావలసినదా అని అడక్కుండా గడప దాటను.