ఎసట్లో ముంచిన లక్ష్మణఫలం గింజలు

మా పెరట్లో లక్ష్మణఫలం చెట్టు సింగపూరు నుంచి ఓడలో వచ్చిందని పదేళ్ళపాటు చెప్పేను. అమలాపురం బస్సులో పక్క సీటువాడికీ చెప్పేను, కొత్తపేట సంతలో వంకాయలు ఏరుకునేవాడికీ చెప్పేను. ఓడ పేరడిగితే అదీ చెప్పేవాణ్ణి. నిజానికది కడియం తోటల్లో కొన్న మొక్క. తడిగోనెలో చుట్టి, బస్సు టాపు మీద అరటిగెలల పక్కన పడుకోబెట్టి తెచ్చేను. కాయ నాలుగు కిలోలు తూగుతుందని కూడా అనేవాణ్ణి. రెండు దాటిన కాయ నేనైతే చూళ్ళేదు.

దానికోసం పడ్డ పాటు మాత్రం అబద్ధం కాదు. మా నేలలో వానాకాలం బోదెకాలవలు పొంగితే కొబ్బరి మొదళ్ళ చుట్టూ వారం రోజులు నీళ్ళు నిలుస్తాయి. కొబ్బరి ఓర్చుకుంటుంది. లక్ష్మణఫలం ఓర్చుకోదు, వేరు కుళ్ళి చస్తుంది. అందుకని నడుమెత్తు దిబ్బ పోసి దాని మీద నాటేను. మూడో ఏడు పూసింది. కాండానికే అంటుకుని, మందపాటి రెక్కలతో పూసింది. పూసిన పువ్వు పూసినట్టే రాలిపోయింది. కడియం వెళ్ళి తోటమాలిని అడిగేను.

"దీనికి పెళ్ళి చేసే పురుగు మనవైపు తక్కువండి. మీరే పురోహితుడు అవ్వాలి" అన్నాడు.

సాయంత్రం ఒక పువ్వులోంచి పుప్పొడి కాగితంలోకి దులిపి, పొద్దున్నే కోడి ఈకతో ఇంకో పువ్వులో అద్దాలి. నెలన్నరపాటు అదే పని చేసేను. ఆ ఏడు ఆరు కాయలు నిలిచేయి. ఊళ్ళో ముప్పై అని చెప్పేను. చుట్టుపక్కల ఇంకెవరి దొడ్లోనూ లేని చెట్టు. దాన్ని చూడ్డానికి వచ్చినవాళ్ళకి కుర్చీ వేసి మరీ చెప్పేవాణ్ణి.

మా తోట గట్టుకి అవతలే మాస్టారి ఇల్లు. మిషన్ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. పిల్లల్లేరు. ఆయన భార్యకి గొంతులో జబ్బు, ముద్ద దిగేది కాదు. ఆవిడ కోసం ఒక పండు గుజ్జు తీసి గిన్నెలో పంపేను. గింజలు గొంతుకి అడ్డం పడతాయని ఏరేసి పంపేనని చెప్పేను. అసలు సంగతేమిటంటే, గింజ నా గుమ్మం దాటడం నాకిష్టం లేదు.

మర్నాడు మాస్టారు గిన్నె కడిగి పట్టుకొచ్చేరు.

"చాన్నాళ్ళకి గిన్నెడూ తిందండి. ఒక నాలుగు గింజలు ఇప్పిస్తారేమోనని వచ్చేనండి."

"కాపుకి నాలుగేళ్ళు పడుతుంది మాస్టారూ" అన్నాను.

"ఆయ్, తెలుసండి. డాక్టరుగారు నెలల లెక్కే చెప్పేరు. కాపు కోసం కాదండి. మొలక చూడాలనుందంటోంది."

ఉండండి తెస్తానని లోపలికెళ్ళేను. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. ఎనిమిది గింజలు గుడ్డలో మూటగట్టి అందులో ముంచి, ఇరవై లెక్కపెట్టేను. తీసి, తుడిచి, ఆరబెట్టి, ఆయన చేతిలో పోసేను. ఆయన నాలుగడిగితే నేను ఎనిమిదిచ్చేను. ఆ మాట కూడా ఊళ్ళో చెప్పుకున్నాను.

మాస్టారు ఖాళీ నూనె డబ్బాలకి అడుగున చిల్లులు పొడిచి, మెత్తటి మట్టి నింపి, గింజలు పెట్టి, వసారాలో ఆవిడ మంచం పక్కన వరసగా పేర్చేరు. పొద్దున్నే గట్టు మీంచి ఆవిడ గొంతు సన్నగా వినిపించేది.

"వచ్చిందేంటండీ?"

"ఇంకా లేదు. వస్తుందిలే."

నెల తిరిగింది. "విత్తు గట్టిదండి, రెణ్ణెల్లు పట్టుద్ది" అన్నాను. రెణ్ణెల్లూ తిరిగేయి. ఆవిడ అడగడం మానలేదు, గొంతు మాత్రం తగ్గిపోయింది. నేను ఆ గట్టు వైపు నడవడం మానేసేను.

మా చెట్టు కింద ఉడత పడేసిన గింజొకటి మొలిచి ఉంది. ఒక ఆదివారం, మాస్టారు చర్చికి వెళ్ళడం చూసి, దాన్ని మట్టిగడ్డతో సహా అరటిడొప్పలో పెట్టుకుని గట్టు దాటేను. ఆదివారాలు ఆవిడ మంచం లోపలి గదిలో ఉంటుంది. ఆ రోజు వసారాలోనే ఉంది. నేను చూసుకోలేదు. డబ్బాలో మట్టి గోకుతూంటే వినిపించింది.

"తమ్ముడుగారూ, వేరు తెగుద్దండి. నెమ్మది."

మొక్కని డొప్పతో సహా కింద పెట్టేను. ఆవిడ డబ్బాల వంక చూసింది, నా వంక చూసింది.

"ముందు గింజలకేమైందండీ?"

అంతవరకూ ఏ ప్రశ్నకైనా నా దగ్గర కథ తయారుగా ఉండేది. ఆవేళ రాలేదు. "ఎసట్లో ముంచేనండి" అన్నాను.

ఆవిడ కళ్ళు మూసుకుంది. చర్చిలో పాట మొదలై అయిపోయింది కూడా.

"మాస్టారు రాగానే చెప్పేస్తానండి" అన్నాను.

"వద్దండి. చెప్తే మీకు బరువు దిగుద్ది, ఆయనకి ఎక్కుద్ది. రేపు నేను లేకపోతే గట్టు మీద పలకరించడానికి ఆయనకి మీరే కదండీ దిక్కు. చెప్పనని మాటివ్వండి."

ఇచ్చేను. ఆవిడే మళ్ళీ అంది, "నాలుగాకులతో ఏ మొక్కా మొలవదండి. రెండు గిల్లేయండి. కాడ కొంచెం లోపలికి పూడ్చండి."

గిల్లేను. పూడ్చేను. గట్టు మీదకి ఎక్కేసరికి మాస్టారి చెప్పుల చప్పుడు, ఆ వెనకే ఆయన కేక.

"వచ్చేసింది! చూసేవా!"

"ఆయ్, చూసేనండి" అంది ఆవిడ.

మూడు నెలలు చూసింది. పోయిన రోజున మొక్క జానెడుంది.

మాస్టారు దాన్ని ఇంటి ముందు దిబ్బ పోసి నాటుకున్నారు. పువ్వుకి పువ్వు అద్దడం నేనే నేర్పేను. ఈకలు కూడా నేనే ఏరిచ్చేను. ఆయన ఎనభైల్లోకి వచ్చేక మొదటి కాయ నిలిచింది. వాళ్ళ చర్చిలో కోతపండగకి తొలికాపు తీసుకెళ్ళి పెడతారు. ధాన్యం బస్తాలు, కొబ్బరిగెలలు, గుమ్మడికాయల మధ్య ఆ ముళ్ళకాయ పెట్టి, దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం చెప్పడానికి మాస్టారు నిలబడ్డారు. నన్నూ పిలిచేరు, వెనకవరసలో కూర్చున్నాను.

"నా భార్య ఇది మొలవడం కళ్ళారా చూసి వెళ్ళింది. నాలుగు గింజలడిగితే ఎనిమిదిచ్చిన పొరుగువారు ఇక్కడే ఉన్నారు. రెండు మాటలు చెప్పండి బాబూ" అన్నారు.

లేచేను. చర్చి నిండా జనం. ఆవిడకిచ్చిన మాట అడ్డంగా ఉంది. దాన్ని దాటకుండా చెప్పగలిగిన నిజం ఒక్కటే దొరికింది.

"అది మొలవడంలో నా మంచితనం ఏమీ లేదండి. అంతా అక్కగారిదే" అన్నాను.

వినయం అనుకున్నారు. ముందువరసలో ఎవరో "ఎంత పెద్ద మనసో" అన్నారు. మాస్టారు నడిచొచ్చి నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నారు. పాట అయ్యేదాకా వదల్లేదు. నేనూ లాక్కోలేదు.