ఎడమ ముక్కు ఏడుపు

2023 వానాకాలం. ఫిల్మ్‌నగర్‌కు ఎక్కే దారిలో ఒక ఈఎన్‌టీ క్లినిక్, అంటే చెవి, ముక్కు, గొంతు చూసే చోటు. అక్కడ నేను అప్పటికే చాలా ఏళ్లుగా నర్సుని. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది గొంతు మీద బతికేవాళ్లే. పాటలు పాడేవాళ్లు, టీవీ యాంకర్లు, డబ్బింగ్ చెప్పేవాళ్లు. వీళ్లతో ఒక తిప్పలుంది. జలుబు చేస్తే మనం తుమ్ముకుంటూనే వంట చేసుకుంటాం, ఆఫీసుకు పోతాం. వీళ్లకు జలుబంటే ఆ రోజు పని పోయినట్టే. అందుకే ఓపిక ఉండదు, పొద్దున వచ్చి సాయంత్రానికి తగ్గిపోవాలంటారు.

ఆమెను పద్మజ అందాం. తెనాలి వైపు నుంచి వచ్చి కృష్ణానగర్‌లో చిన్న గది కిరాయికి తీసుకుని ఉండేది. ముప్పై దాటి ఉంటాయి. హీరోయిన్ స్నేహితురాలికి, పక్కింటి పిన్నికి, పెళ్లిపందిట్లో గోల చేసే గుంపుకి గొంతు ఇస్తూ ఏళ్లు గడిపింది. ఆ నెలలోనే మొదటిసారి ఒక హీరోయిన్ పాత్ర మొత్తం ఆమె చేతికొచ్చింది. ఆ హీరోయిన్‌కు తెలుగు రాదు, సినిమా అంతా పద్మజ గొంతే వినపడాలి.

వచ్చీ రాగానే ఆపరేషన్ అడిగింది. ముక్కులో ఎముక వంకరగా ఉందని, అందుకే ఎప్పుడూ మూసుకుపోతోందని, తీసేస్తే ఎన్నాళ్లలో డబ్బింగ్ చెప్పొచ్చని. ఎముక సంగతి కృష్ణానగర్‌లో ఎవరో చెప్పారట. అక్కడ ప్రతి గదిలో ఒక డాక్టరు ఉంటాడు లెండి. మందులేమైనా వాడుతున్నావా అని అడిగితే ఏమీ లేవంది. గుండె దడగా ఉంటోందని, నిద్ర పట్టడం లేదని కూడా చెప్పింది. బీపీ చూశాను. ఆ వయసుకు ఉండాల్సిన దానికన్నా బాగా ఎక్కువే ఉంది.

ముక్కులోకి ఎండోస్కోప్, అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టం, పెట్టేముందు మేమొక పని చేస్తాం. డీకంజెస్టెంట్ అనే మందులో దూది ముంచి లోపల పెడతాం. ఆ మందు వాపును దించి ముక్కును తెరుస్తుంది. కాసేపట్లో దారి విశాలమవుతుంది. పద్మజ ముక్కులో మాత్రం ఎంతసేపు పెట్టినా కండ కదల్లేదు, ఎర్రగా ఉబ్బిపోయి అలాగే ఉంది. డాక్టర్ గారు నా వైపు చూశారు. నేను ఆమె హ్యాండ్‌బ్యాగు వైపు చూశాను.

"అమ్మా, గా బ్యాగుల ముక్కులో వేసుకునే చుక్కల సీసా ఉందా?" అన్నాను.

ఏ మాత్రం మొహమాటపడకుండా తీసి చూపించింది. ఇంకోటి దిండు కింద, మరోటి డబ్బింగ్ థియేటర్లో మైకు పక్కన ఉంటుందట. మరి మందులేమీ లేవన్నావు కదా అంటే, "ఇది మందేంటండీ, చుక్కలే కదా!" అంది. నాకు కోపమొచ్చింది కానీ, అలా అనేది ఆమె ఒక్కతే కాదు. మాత్రైతే మందు, సూదైతే మందు, చుక్కలు మాత్రం ఎవరి లెక్కలోకీ రావు.

ఆ సీసాలో ఉన్నది కూడా డీకంజెస్టెంటే. నాలుగైదు రోజులు వాడితే మేలు చేస్తుంది. అదే పనిగా వాడితే ముక్కు దానికి అలవాటు పడుతుంది. మందు ప్రభావం తగ్గగానే ముందుకన్నా ఎక్కువగా ఉబ్బుతుంది. మళ్లీ వేస్తాం, మళ్లీ ఉబ్బుతుంది. దీన్ని రీబౌండ్ అంటారు. జబ్బు వల్ల మూసుకున్న ముక్కు కాస్తా మందు వల్ల మూసుకునే ముక్కవుతుంది. చుక్కలు మరీ ఎక్కువైతే ఒంట్లోకీ ఎక్కుతాయి, గుండె దడ, బీపీ, నిద్రలేమి అన్నీ తెస్తాయి. ఎముక వంకర నిజంగానే కాస్త ఉంది. చాలామందికి ఉండేదే. దాని తప్పేమీ లేదు.

ఇంతగా ఎలా అలవాటైందో కూడా అడిగాను. డబ్బింగ్ వాళ్లకు తప్ప ఇంకెవరికీ జరగని పని అది. ముక్కు కొంచెం బిగిస్తే మనకు తెలియదు, ఊపిరి ఆడినంత వరకు పట్టించుకోం. పద్మజ చెవి మైకు లాంటిది. ప్రతి డైలాగు ముందు చిన్నగా "అమ్మా" అని చూసుకుని వింటుంది. ఆ మకారం వెంట్రుకవాసి మందంగా వినిపించినా ఊరుకోదు, సీసా తీస్తుంది. ఏ చెవి వల్ల ఆమెకు హీరోయిన్ పాత్ర వచ్చిందో ఆ చెవే ఆమె చేత రోజంతా చుక్కలు వేయించింది.

డాక్టర్ గారు పద్ధతి చెప్పారు. రెండు వైపులా ఒకేసారి మానలేరు, ఊపిరాడక భయపడి మళ్లీ మొదలుపెడతారు. అందుకని ముందు ఎడమ ముక్కులో పూర్తిగా ఆపాలి, కుడి వైపు కొద్దిగా వేసుకోవచ్చు. ఎడమ వైపు తెరుచుకున్నాక కుడి వైపూ ఆపాలి. వాపు దిగడానికి వేరే స్ప్రే, కడుక్కోవడానికి ఉప్పునీళ్లు. అన్నిటికీ తలూపి వెళ్లింది.

వారానికి మళ్లీ వచ్చింది. మానేశావా అంటే మానేశానంది. చెబుతుండగానే చున్నీ కింద టక్కుమని సీసా మూత చప్పుడు. చెయ్యి తనంతట తానే ఆడుతోంది పాపం. బీపీ కూడా దిగలేదు. డాక్టర్ గారికి చెప్పకముందే పక్కగదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టాను.

"ఏందమ్మా నీ బాధ? నాకు చెప్పు."

ఒక్కసారిగా ఏడ్చేసింది. "ఆపితే ముక్కు మూసుకుపోతుంది సిస్టర్. గొంతు మారిపోతుంది. ఇన్‌ఛార్జ్ గారు విన్నారంటే ఈ పాత్ర ఇంకొకరికి ఇచ్చేస్తారు. మళ్లీ నేను గుంపులో గోల చెయ్యాల్సిందే. ఈ సినిమా అయ్యాక మానేస్తానండీ, ఒట్టు."

సినిమా అయ్యేసరికి ఆమె బీపీ ఎక్కడుంటుందో ఎవరు చూడొచ్చారు? అలాగని పాత్ర పోగొట్టుకో అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఏళ్ల తరబడి ఎదురుచూసింది కదా. ఏడుస్తున్న ఆమె గొంతే వింటూ కూర్చున్నాను. ముక్కు దిబ్బడ, ఏడుపు కలిసి ఏది ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. అప్పుడు తోచింది నాకు.

"మీ సిన్మాల హీరోయిన్ ఏడ్వదా?" అన్నాను.

కళ్లు తుడుచుకుని చూసింది. "సెకండాఫ్ అంతా ఏడుపేనండీ."

డబ్బింగ్ అనేది సినిమా నడిచిన వరుసలోనే చెప్పాలని లేదట, ముందుది వెనక, వెనకది ముందు చెప్పొచ్చట. అలాంటప్పుడు ముక్కు దిబ్బడగా ఉన్న రోజుల్లోనే ఏడుపు సీన్లు చెప్పేస్తే అడ్డేముంది? కాకపోతే ఇన్‌ఛార్జ్‌కి నిజం చెప్పాలి. ఎవరికి ఏ గొంతు అని నిర్ణయించేది ఆయనే. ఆ మాట వినగానే మళ్లీ జంకింది. నా ముందే స్పీకర్ పెట్టించి ఫోన్ చేయించాను. ఆయన పేరు యాదగిరి, మా వరంగల్ వైపు మాట. చుక్కల సంగతంతా విన్నాడు. పద్మజ చెయ్యి నా చేతిని గట్టిగా పట్టుకుంది.

"గీ ముచ్చట ముందుగాల చెప్తే అయిపోతుండె గదమ్మా," అన్నాడాయన. "ఏడ్సే సీన్లన్నీ ముందటేస్త. నవ్వే సీన్లు ఎన్కకు పెడ్త. గని ముక్కు మాత్రం మంచిగ చేస్కొని రావాలె."

ఆ రోజులు తేలిగ్గా గడవలేదు. దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చునే నిద్రపోయింది. థియేటర్ నుంచి ఫోన్ చేసి, ఒక్క చుక్క వేసుకోనా సిస్టర్ అని బతిమాలేది. కుడి వైపు వేసుకో, ఎడమ వైపు ముట్టుకున్నావో నేనే అక్కడికొస్తా అని కసిరేదాన్ని. మెల్లగా ఎడమ ముక్కు తెరుచుకుంది, ఆ తరువాత కుడిది. దడ పోయింది, బీపీ దిగింది. నవ్వే సీన్లన్నీ తేటగా చెప్పి ముగించింది.

సినిమా విడుదలయ్యాక మా వదినతో కలిసి వెళ్లాను. ఆస్పత్రి వరండాలో తమ్ముడి కోసం హీరోయిన్ ఏడ్చే సీను వచ్చింది. వదిన కొంగుతో కళ్లొత్తుకుని, పిల్ల ఎంత మంచిగ ఏడ్సిందో అంది. నాకు నవ్వాగలేదు. ముందు వరసలో వాళ్లు వెనక్కి తిరిగి కసురుకున్నారు. అది నటన కాదు తల్లీ, ఎడమ ముక్కు అని చెప్పలేను కదా!

ఆ తరువాత నుంచి మందు ఆపమని చెప్పేటప్పుడు ఒక ప్రశ్న అడుగుతున్నాను. ఇది ఆపితే నీకు ఏ పని ఆగుతుంది? దానికి జవాబు దొరక్కుండా ఆపమంటే, మన ముందు తలూపి మెట్లు దిగగానే సీసా తీస్తారు. మందులు అతిగా వాడేవాళ్లంతా తెలివితక్కువవాళ్లు కాదు. చాలామంది ఏదో పోతుందని భయపడుతున్నవాళ్లు.

మొన్నామధ్య పద్మజ చెవి చూపించుకోవడానికి వచ్చింది. బ్యాగు నేనే తెరిచి చూశాను, సీసా లేదు. కొత్త సినిమాలో మళ్లీ పెద్ద ఏడుపు సీను పడిందట. పోయినసారి లెక్క ఏడ్వాలె అని యాదగిరి పట్టుబట్టాడట.

"మరి ఎట్ల చేసినవమ్మా?" అన్నాను.

"ముక్కు తెరిచే ఉంది కదండీ," అంది నవ్వుతూ. "ఈసారి నటించాల్సొచ్చింది."